ఊటకొండ తల్లి మరుగు కర్ర

ఊటకొండ గుడికి చేరాలంటే అడవి బాటన రెండు పగళ్ళు నడవాలి. కొండ మొదట్లో దేవస్థానం వారు ప్రతి యాత్రికుని చేతిలో మొన చెక్కిన కర్ర ఒకటి పెడతారు. నడకలో ఊతకనుకుని కొత్తవారు మురిసిపోతారు. కానీ అది మరుగు కర్ర, దారిలో కాలకృత్యాలకు వెళ్ళినప్పుడు గొయ్యి తీయడానికి ఇచ్చేది. గుడిలో ఊటలమ్మ తల్లి కూడా కుడిచేత అదే కర్ర పట్టి, ఎడమచేత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దర్శనమిస్తుంది. నవ్వు వస్తే నవ్వవచ్చు, అమ్మ ఏమీ అనుకోదు.

పూర్వం ఇక్కడ లింగమల్లు అనే పూజారి ఉండేవాడు. మడి విషయంలో చండశాసనుడు. బయలుకు వెళ్ళినవారు అక్కడికక్కడే శుభ్రపడి, తలారా పోసుకుని తడిబట్టతో గుడికి రావాలని ఆయన కట్టడి. కొండ మొత్తానికి ఉన్నది ఒకే ఊట. అందుచేత భక్తులందరూ ఎంతో భక్తిగా ఊట ఒడ్డునే కూర్చునేవారు. అమ్మవారి అభిషేకానికీ, తీర్థానికీ ఆ నీరే. ఇంత మడి ఏ కొండ మీదా లేదని లింగమల్లు మీసం దువ్వేవాడు.

ఒక జాతరలో జనానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పూజారి ఒక్కగానొక్క కూతురు గురివి కూడా మంచం పట్టింది. ఆయన కంగారుపడి పూటపూటకూ ఆ తీర్థమే తాగించాడు. పిల్ల మరింత నీరసించింది.

మిట్టమధ్యాహ్నం మండపంలో ఏడ్చి ఏడ్చి కునుకు పట్టిన లింగమల్లుకు కలలో అమ్మ కనిపించింది. నెత్తిన మూటతో, ముక్కుకు కొంగుతో కొండ దిగి వెళ్ళిపోతోంది. ఆయన అమ్మ కాళ్ళకు అడ్డంపడి, నువ్వు పోతే నా బిడ్డకు దిక్కెవరని అడిగాడు.

"నా నెత్తిన పోసే నీళ్ళు ఒక్కసారి వాసన చూడరా," అంది తల్లి. "పిల్లి చూడు, గొయ్యి తీసి మన్ను కప్పుతుంది. మీకు ఆ మాత్రం తెలివి లేకపోయె. ఊటకు దూరంగా పొండి. జానెడు లోతు తవ్వండి, కప్పండి. చేతులు కడుక్కుని అప్పుడు నన్ను ముట్టండి."

లేచిన పూజారి సిగ్గు విడిచి తన పూజ బెత్తానికే మొన చెక్కాడు. అందరికంటే ముందు తానే దూరంగా పోయి గొయ్యి తీశాడు. పూజారికి మతి పోయిందని జనం అనుకున్నా లెక్కచేయలేదు. పక్క లోయ నుంచి నీళ్ళు మోసుకొచ్చి, గంజి కాచి గురివికి పట్టాడు. కొన్నాళ్ళకు పిల్ల లేచి కూర్చుని, గంజిలో ఉప్పు చాలలేదని సణిగింది. ఆ సణుగుడు విని లింగమల్లు సంతోషంతో బావురుమన్నాడు. అది చూసి జనమూ కర్రలు చెక్కుకుని ఊటకు దూరంగా పోసాగారు. వానలకు ఊట కూడా తేటపడింది. అమ్మ ఎక్కడికీ పోలేదు.

నేటికీ ఇక్కడ అదే ఆచారం. బాటకూ నీటికీ ఎడంగా, చెంబుతో నీళ్ళు పట్టుకుని వెళ్ళాలి. తీసిన గొయ్యి పూడ్చాలి. పిల్లల డైపర్లు, కాగితాల వంటివి సంచిలో కట్టి తిరిగి కిందికి తెచ్చుకోవాలి. ఇలా నడుచుకునేవారి ఇంట పిల్లలకు కడుపు జబ్బులు రావని నమ్మకం.

జాతర ఉదయం గురివి వంశపు ఆడపిల్ల ఒకతె అందరి ఎదుటా ఊటలో దోసిలి ముంచుతుంది. కొండ మీద ఎక్కడైనా బద్ధకించి మన్ను కప్పకుండా వచ్చినవారు, ఆ దోసిలి నోటిని తాకేలోగా "ఆగు తల్లీ" అని చెప్పి, కర్ర తీసుకుని వెనక్కి పరుగెత్తాలి. ఏటా ఒకరిద్దరు పరుగెడుతూనే ఉంటారు. జనం నవ్వుతూ నిలబడతారు. పిల్ల దోసిలి దించి వేచి ఉంటుంది. వారు తిరిగి వచ్చాకే తాగుతుంది.