కెంజాయి తురాయి

అనగనగా, పొద్దు కోళ్ళ మాట విని లేచే కాలంలో, గువ్వలదిన్నె అని ఒక పక్షుల రాజ్యం. అక్కడ తొలికూత కొలువు కెంజాయి అనే కోడిపుంజుది. కూతకు తగ్గ కులుకు కూడా ఉండేది.

ఆ యేడు కెంజాయి తలమీది తురాయి వెలవెలబోయింది. కూత గొంతు దాటడం లేదు. పాపం, దిగులు పట్టుకుంది. ఎందుకంటే ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. మోదుగపూలు రాలిపోయేలోగా తొలికూత పుంజు తురాయి మోదుగ రేకంత ఎర్రగా ఉండాలి. లేకుంటే కొలువు ఊడినట్టే.

మాటలు కోటలు దాటే గోరింక ఒకటి దొన్నెతో వాలింది. "ఈ కెంపులేహ్యం చప్పరించండి పుంజుగారూ, ఎరుపు అదే వస్తుంది" అంది. కెంజాయి కొర్రల మూట ఇచ్చి కొన్నాడు.

తురాయి పక్కన రేకు పట్టి చూసేది వైద్యురాలు బాతవ్వ. ఆమె దగ్గరికి మొదటిసారి వెళుతూ కెంజాయి దారిలో పొరుగు పుంజుతో కలియబడ్డాడు. రొప్పుతూ చేరేసరికి తురాయి భగ్గుమంటోంది. "లేహ్యమంటే ఇదీ" అని మురిసిపోయాడు.

రెండోసారి కప్పల కచేరీలో రాత్రంతా కూర్చుని, కునుకు లేకుండా వెళ్ళాడు. తురాయి అన్నం మెతుకులా పాలిపోయింది. "మోతాదు చాల్లేదు" అని గోరింక ఇంకో దొన్నె అంటగట్టింది.

మూడోసారి పెళ్ళివిందులో మెడదాకా మెక్కి, మిట్టమధ్యాహ్నం వెళ్ళాడు. రంగు ఎరుపూ కాదు, తెలుపూ కాదు.

ఏ రోజు ఏం చేసి వచ్చాడో అడిగి తెలుసుకుని బాతవ్వ నవ్వింది. "నాయనా, నేను చూసింది లేహ్యాన్ని కాదు. ఒకనాడు నీ పోట్లాటను చూశాను, ఒకనాడు నీ జాగారాన్ని, ఇవాళ నీ విందును. ఇక లేహ్యం సంగతి నాకెలా తెలుస్తుంది?"

"మోదుగలు రాలుతున్నాయవ్వా. ఏం చెయ్యమంటావు?"

"ముందు లేహ్యం పక్కన పెట్టు. చీకటి పడితే పడుకో, వేళకు తిను. తెల్లవారగానే గింజ ముట్టకుండా రా. రంగు నిలకడగా ఉందనుకున్నాక లేహ్యం కలుపుదాం. అప్పుడు ఇంకేదీ మార్చకు."

కప్పలు కబురంపాయి, వెళ్ళలేదు. పొరుగు పుంజు దారికడ్డం నిలిచి కాలు దువ్వింది. ఒక్క తన్ను తంతే చాలు, తురాయి ఎర్రబడుతుంది. 'ఆ ఎరుపు నాది కాదు' అనుకుని కెంజాయి పక్కనుంచి నడిచిపోయాడు.

కొన్నాళ్ళకు, మోదుగలు పూర్తిగా రాలిపోకముందే, లేహ్యం లేకుండానే, తురాయి మోదుగ రేకుతో సరిపోయింది. ఆ తర్వాత లేహ్యం కలిపి చూశారు. అదే ఎరుపు, పిసరంత కూడా పెరగలేదు.

"వాడే తీరు మీకు తెలియలేదు" అని గోరింక గొణిగింది.

"తీరుగా వాడింది ఈసారే" అన్నాడు కెంజాయి.

గోరింక దొన్నె సర్దుకుని ఎగిరిపోయింది. కెంజాయి పెందలాడే పడుకున్నాడు. తెల్లవారుజామున అతని కూత కొండదాకా వినిపించింది. పొద్దు ఒళ్ళు విరుచుకుని లేచింది.

పిల్లలూ, మందు గుణం తెలియాలంటే ముందు మన నడవడి ఒక తీరున ఉండాలి.