అచ్చమ్మ ఒప్పుకోని విమానం

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట ఈ కథ ఎవరూ చెప్పి ఉండరు. అందుకే నేను చెబుతున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అనగనగా, మేఘాలు గడప దాకా వచ్చే కొండల మీద ఒక ఊరు. అక్కడివాళ్ళు పెరట్లోనే చిన్న విమానాలు కట్టుకుని లోయ దాటేవారు. ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. కొత్త విమానాన్ని, విమానాలు కట్టే తోటివాళ్ళు ముగ్గురు పరీక్షించి "ఎగరొచ్చు" అంటేనే అది నేల విడవాలి.

కూర్మయ్య ఒక విమానం కట్టాడు. సరైన ఇంజను దొరకక, బావిలో నీళ్ళు తోడే ఇంజను బిగించాడు. దాన్ని నడపబోయేది అతని ఒక్కగానొక్క కూతురు నాగరత్నం.

పరీక్షకు వచ్చినవాళ్ళకు కూర్మయ్య ముందుగా విందు పెట్టాడు. అదే తప్పయింది.

వీరేశం కడుపునిండా తిని, రెక్క మీద తట్టి, "బంగారంలా ఉంది బావా! ఎగరొచ్చు," అన్నాడు.

సోమలింగం చెయ్యి కడుక్కుంటూ, "వీరేశం చూశాడుగా, ఇంక నేను చూసేదేముంది? ఎగరొచ్చు," అన్నాడు.

నాగరత్నం సంబరంగా ఎక్కి కూర్చుంది.

మూడో మనిషి అచ్చమ్మ. ఆమె విస్తరి ముందు కూర్చోలేదు.

"నీ నెయ్యి నాలుకకు తగిలితే తప్పు చెప్పడానికి మొహమాటం వస్తుంది అన్నయ్యా. ముందు ఇంజను చూపించు."

కూర్మయ్య ముఖం ఎర్రబడింది. "ఇద్దరు ఒప్పుకున్నారు. నీకొక్కదానికే కళ్ళున్నాయా?"

"ఇది బావి నీళ్ళతో చల్లబడే ఇంజను. ఆకాశంలో బావి ఎక్కడుంది?"

"నీళ్ళతొట్టి పెట్టానుగా!"

"లోయ దాటేదాకా చాలుతుందా? విమానాన్ని గుంజకు కట్టి, అంతసేపూ నడిపి చూపించు. పిల్లా, నువ్వు దిగు!"

నాగరత్నం దిగింది. ఇంజను గర్జించింది. లోయ సగం దాటేంత సేపు తిరిగిందో లేదో, తొట్టి కుతకుతలాడి గొట్టం పగిలింది. మరిగే నీళ్ళు ఖాళీ సీటు మీదికి చిమ్మాయి. ఇంజను బిగుసుకుపోయింది.

"ఏదో మర్యాదకి అన్నాం," అని గొణిగాడు వీరేశం.

"పిల్ల ప్రాణం మీదా మీ మర్యాద?" అచ్చమ్మ అరిచింది. "చూడకపోతే చూడలేదని చెప్పి చావలేరూ!"

నాగరత్నం వీరేశం, సోమలింగంల ముందుకొచ్చింది.

"మామయ్యా, మీ ఇద్దరి మాట నమ్మే కదా నేను ఎక్కాను?"

కూర్మయ్య అచ్చమ్మకు దండం పెట్టి, తన చేతులతోనే ఆ ఇంజను విప్పడం మొదలుపెట్టాడు.

పిల్లలూ, ఈ కథ మీ స్నేహితులకు చెప్పండి, రేపు మీ పిల్లలకూ చెప్పండి: తోటివాడి పనిని చూడకుండా మెచ్చుకోవడం మంచితనం కాదు, అతన్ని నమ్ముకున్నవాళ్ళకు చేసే ద్రోహం.