ఒడి పట్టని ఉప్పు

అనగనగా ఒక గుట్ట, ఆ గుట్ట కింద ఒక కోట ఊరు. ఆ ఊళ్ళో ఓబులేసని దండోరా వేసేవాడు ఉండేవాడు. రాజుగారి మాట ఏదైనా వాడి డప్పు మోగాకే ఊరికి తెలిసేది. కొడుకు పోయాడు పాపం, ఇంట్లో వాడూ, కోడలు సుంకులమ్మా. ఆ పిల్ల ఇంట్లో ఇసక పోసి, వీధిలో ఆడపిల్లలందరికీ అక్షరాలు దిద్దించేది. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఆపేస్తా మరి, నాకేం!

ఆ ఊరిని వెనకటికి గుట్టదొర అనేవాడు ఏలేవాడు. సముద్రపు రాజు దండెత్తి వచ్చి వాణ్ణి తరిమేసి, తన మనిషినొకణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి పోయాడు. దొర ఊరుకుంటాడా? ఇరవై ఏళ్ళు గుట్టల్లో దాక్కుని, అదను చూసి దెబ్బ కొడుతూనే ఉన్నాడు. ఈ కూర్చోబెట్టిన రాజేమో తిండిపోతు. వాడి బంట్లు ఓబులేసు మేకని కూడా లాక్కుపోయి కోసుకు తిన్నారు. ఒకరోజు దొర గుట్ట దిగి వస్తున్నాడనగానే ఆ రాజు నగల మూట చంకన పెట్టుకుని పారిపోయాడు. ఓబులేసేమో కోట గుమ్మం ఊడ్చి, నీళ్ళు చల్లి, డప్పు కొట్టి మరీ దొరని లోపలికి తీసుకొచ్చాడు. పాత కక్షలు మర్చిపోయాను, ఎవరి జోలికీ రానని దొర అందరి ముందూ చెప్పాడు. వీడు నమ్మాడు. నిజంగానే నమ్మాడో, మేక పోయిన కోపంతో నమ్మాలనుకున్నాడో!

నెల తిరక్కుండానే మొదటి దండోరా. ఊళ్ళో పాట వినపడకూడదు. వీడు చాటాడు. రెండోది, ఆడవాళ్ళు గడప దాటకూడదు. అదీ చాటాడు. అయినా పిల్లలు పెరటిదారిన సుంకులమ్మ దగ్గరికి వస్తూనే ఉన్నారు. మూడోది, ఆడపిల్లలకి చదువు లేదు. ఆ మాట చాటుతూ చాటుతూ తన వీధికే వచ్చాడు, తన ఇంటి ముందే నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. అయినా చెప్పాడర్రా, చెప్పాడు! సుంకులమ్మ తలుపు వెనకనుంచి ఒక్క మాటంది.

“ఇంకాస్త గట్టిగా చెప్పు మావా, లోపల పిల్లలకి వినపళ్ళేదు.”

భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది ఓబులేసుకి. ఆ రోజునుంచీ కోడలు అన్నం పెడుతోంది, నీళ్ళు పెడుతోంది, మాట మాత్రం లేదు. వీడు తలెత్తి ఆ పిల్ల మొహం చూసిందీ లేదు.

సరే, చుట్టుపక్కల రాజులేం చేశారంటారా? అందరూ తలుపులు మూసేశారు. నిన్ను రాజని ఒప్పుకోం పొమ్మన్నారు. ఉత్తరాది రాజొకడు మాత్రం దొడ్డిదారిన మనుషుల్ని పంపి, మీ ఆడవాళ్ళ సంగతి మాకెందుకంటూ, గుట్ట మీది టేకంతా కొట్టించుకుపోయాడు. సిగ్గులేనివాళ్ళు అన్ని దిక్కులా ఉంటారు.

కానీ ఉప్పు? ఉప్పు సముద్రపు రాజ్యం నుంచే రావాలి. రాజులు తలుపులు మూసినా, ఎడ్ల మీద గోనెలు వేసుకుని ఉప్పువాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళకో కట్టుబాటుంది. ఊరి ఆడమనిషి ఒకతి కోట గుమ్మం దగ్గరికొచ్చి, చీర కొంగు ఒడిగా పట్టి, మొదటి దోసెడు ఉప్పు అందుకోవాలి. అప్పుడే గోనె మూతి విప్పుతారు. ఎవరూ రాకపోతే ఆ ఊరికి తమతో పొత్తు అక్కర్లేదని అర్థం. ఆడవాళ్ళేమో గడప దాటకూడదాయె! ఉప్పువాళ్ళు ఒకటికి రెండుసార్లు వచ్చి, చూసి, ఎడ్లని మళ్ళించుకుని పోయారు.

ఉప్పు లేక ఊరగాయ బూజు పట్టె, ఊరగాయ లేక సంగటి ముద్ద దిగదాయె, ముద్ద దిగక మనిషికి సత్తువ లేదాయె, సత్తువ లేక నాగలి కదలదాయె, నాగలి కదలక గాదె నిండదాయె. దొర బంట్లు కూడా చప్పిడి కూడు తినలేక ఒక్కొక్కడే జారుకున్నారు.

మూడోసారి ఉప్పువాళ్ళు వచ్చినప్పుడు దొరకి ఒక తెలివి పుట్టింది. తెలివంటే తెలివి కాదులే! ఓబులేసుకి చీర కట్టించి, ముసుగు వేయించి గుమ్మంలో నిలబెట్టాడు. నవ్వకండర్రా... సరే నవ్వండిలే, ఊరంతా కిటికీల్లోంచి అలాగే నవ్వింది. ఉప్పువాళ్ళ పెద్దాయన దోసెడు ఉప్పు తీశాడు. వీడికి ఒడి పట్టడం చేతనవునా? డప్పు పట్టినట్టు కొంగుని చంక కింద బిగించి పట్టాడు! ఉప్పంతా నేలపాలు. పెద్దాయన ముసుగెత్తి చూస్తే తెల్ల మీసాలు.

ఆయన తిట్టలేదు. పోయినేడు తనకి ఒడి పట్టిన పిల్ల ఏది, తన కూతురు రాసిన ఉత్తరం చదివి వినిపించిన పిల్ల, బతికే ఉందా అని అడిగాడు. ఆ పిల్ల మరెవరో కాదు, సుంకులమ్మే. బతికే ఉంది, ఇంట్లో పెట్టి మూసింది నేనే అని చెప్పలేక, ఓబులేసు ఆ చీరతోనే కూలబడి ఏడ్చాడు. చీర కట్టుకున్నందుకు కాదర్రా ఆ సిగ్గు. గుమ్మంలో నిలబడాల్సినవాళ్ళని తన నోటితో తనే లోపలికి తోసినందుకు.

ఇంటికి పోయి కోడలి ముందు తల వంచుకు నిలబడ్డాడు. దొర ఈ ఒక్క పూటకి బయటికి రానిస్తానన్నాడమ్మా, ఉప్పువాళ్ళు పొద్దుగూకేదాకా ఆగుతామన్నారు, వచ్చి ఒడి పట్టమని బతిమాలాడు. ఇన్ని నెలల తర్వాత ఆ పిల్ల నోరు విప్పింది.

“ఉప్పు కోసం దాటొచ్చిన గడప, బడి కోసం దాటకూడదా మావా? నువ్వు చాటింది నువ్వే వెనక్కి తీసుకో. అప్పుడొస్తా.”

ఓబులేసు తిన్నగా దొర దగ్గరికెళ్ళి డప్పు కాళ్ళ ముందు పెట్టాడు. ఆ మూడు మాటలూ తప్పని చాటమంటే చాటుతాను, ఇంకేదీ చాటను, చెయ్యి నరికినా సరే అన్నాడు. దొర కత్తి దూశాడు. దూసి చుట్టూ చూశాడు. పక్కనుండాల్సిన బంట్లు సగం మంది లేరు. ఎదురుగా కంచంలో చప్పిడి సంగటి. ఈసారి ఎడ్లు వెనక్కి పోతే ఇక రావని వాడికీ తెలుసు. కత్తి ఒరలో పెట్టి, గోడకేసి తిరిగి, చాటుకో పో అన్నాడు.

వీడు డప్పు ఎత్తుకుని వీధి వీధీ తిరిగాడు. ఏ గుమ్మం ముందు ఆ మాటలు చాటాడో ఆ గుమ్మం ముందే ఆగి, గడప దాటొచ్చు తల్లీ, చదువుకోవచ్చు, పాడుకోవచ్చు అని చాటాడు. తన ఇంటి ముందుకొచ్చేసరికి డప్పు కింద పెట్టేశాడు. తప్పయిందమ్మా, నాదే తప్పు అని మాత్రం వచ్చింది, అదీ గొణిగినట్టు. తలుపు తెరుచుకుంది.

“వినపడింది మావా” అంది సుంకులమ్మ, గడప దాటుతూ.

ఆ సాయంత్రం ఊరి ఆడవాళ్ళంతా వచ్చి ఒడులు పట్టారు, ఉప్పువాళ్ళు గోనెల మూతులు విప్పారు. మర్నాడు ఇసకలో అక్షరాలు. పొరుగు రాజ్యాల తలుపులు ఒకటొకటే తెరుచుకున్నాయి. కోడలు సంగటి ముద్ద పెట్టి, పక్కన చిటికెడు ఉప్పు వేసింది. ఓబులేసు ఆ ఉప్పుని చూస్తూ చాలాసేపు ముద్ద ముట్టలేకపోయాడు. అందరూ సుఖంగా ఉన్నారు. వాడూ ఉన్నాడు, కానీ ఆ వీధిలో నడిచినన్నాళ్ళూ తల కాస్త వంచుకునే నడిచాడు.

అందుకే చెబుతున్నా, ఎవరో చెప్పమన్నారని ఏ మాటా చాటకండర్రా. ముందు మీ ఇంట్లోవాళ్ళ మొహం చూసి చెప్పగలరో లేదో చూసుకోండి. ఇక కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.