నీళ్లు ఏడికి పోతాయి?

చెన్నబసప్పకు సందేహం పట్టిందంటే జలగ పట్టినట్టే. గుట్ట మీది మఠంలో చేరినప్పటి నుంచి ఒకటే పోరు.

"తిన్న అన్నం కండయితాది. నీళ్లేమో తాగినవి తాగినట్టే బయటికి పోతాండాయి. ఇంతోటి దానికి దప్పిక ఎందుకు పెట్టినాడు సామీ ఆ దేవుడు?"

మందులు నూరుతున్న గురువు మరుళసిద్ధయ్య నవ్వి ఊరుకునేవాడు. ఆయనకూ తెలీదు కాబోలు అనుకుని శిష్యుడు తనే తేల్చేశాడు. ఒళ్లు ఓటికుండ. పోసేది ఆపితే కారేదీ ఆగుతుంది.

ఎండాకాలం ఒక పొద్దున, గురువు మూలికలకని అడవికి పోయాడు. అప్పుడే గొర్రెలు కాచుకునే కరియమ్మ రొప్పుకుంటూ గుట్టెక్కి వచ్చింది. చంకలో ఏడాది పిల్లాడు బీరప్ప. రాత్రి నుంచి ఒకటే వాంతులు, విరేచనాలు.

చెన్నబసప్ప లోలోపల పొంగిపోయాడు. తన చేతికి దొరికిన మొదటి రోగి మరి!

"చుక్క నీళ్లు పట్టొద్దు తల్లీ. అదే మందు" అన్నాడు దర్జాగా. పిల్లాడు నీళ్ల చెంబు కేసి చేతులు చాస్తే, దాన్ని తీసుకెళ్లి వసారాలో పెట్టాడు.

మధ్యాహ్నానికి విరేచనాలు ఆగాయి. గురువు గుట్టెక్కుతుండగానే ఎదురెళ్లి, "నీళ్లు పట్టకుండా విరేచనాలు ఆపేసినా సామీ!" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

గురువు మూట దించి పిల్లాడి పక్కన కూర్చున్నాడు. వాడి కళ్లు గుంటలు పడ్డాయి. ఏడుద్దామని నోరు తెరుస్తున్నాడు, గొంతు పెగలడం లేదు.

"నీ చెయ్యి ఇట్ల తే."

శిష్యుడి ముంజేతి మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాడు. టక్కున సర్దుకుంది.

"ఇప్పుడు వీనిది పట్టి చూడు."

చెన్నబసప్ప పిల్లాడి పొట్ట మీద చర్మం పట్టి వదిలాడు. ఆ మడత అట్లాగే నిలబడిపోయింది. బిడ్డను తన చేతులారా చంపుతున్నానని అతనికి ఒక్కసారిగా తెలిసింది.

"సామీ, ఎట్ల?" అన్నాడు.

గురువు పలచటి కొర్రగంజిలో ఉప్పేసి గిన్నె చేతికిచ్చాడు. "చెంచా చెంచాగా పట్టు. కక్కినా పట్టు."

పిల్లాడు కక్కాడు. చెన్నబసప్ప వాణ్ణి ఒళ్లోకి తీసుకుని కాసేపాగి మళ్లీ పట్టాడు. నాలుగు చెంచాలకోసారి పొట్ట మీద మడత పట్టి చూస్తున్నాడు. ఈసారి కాస్త తొందరగా దిగిందే! అరె, పెదవి మెత్తబడింది. గుంటకళ్లు కొంచెం పైకి తేలాయి. ఈ చెంచాడు గంజి ఏయే మూలలకు పోతోంది? చర్మం కిందికా, గొంతులోకా, చూపులోకా? చూసేకొద్దీ ఇంకా చూడాలనిపించింది. ఆకలి మాటే మరిచాడు.

పొద్దు వాలే వేళకు ఒళ్లో వెచ్చగా తగిలింది. పిల్లాడు ఉచ్చ పోశాడు.

"అయ్యయ్యో సాములూ, మడిబట్ట!" అని కరియమ్మ బిడ్డను లాక్కోబోయింది.

"ఉండనీ తల్లీ, ఉండనీ!" చెన్నబసప్ప పిల్లాణ్ణి గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చేశాడు. "బతికినాడు సామీ!"

గురువు లేచి వసారాలోని చెంబు తెచ్చి అతని చేతికిచ్చాడు.

"తాగు నాయనా. ఏడ్చేదానికీ నీళ్లు కావాల."