పైడమ్మ పూచీ

అనగనగా ఒక ఊళ్ళో, మరీ అంత అనగనగా కాదులే కన్నా, ఒక బడి ఉండేది. చుట్టూ జీడితోటలు. బడి వెనక ఒక చిన్న పాక. ఆ పాకలో పైడమ్మ అని బడి ఆయమ్మ ఉండేది. గంట కొట్టేది, గదులు ఊడ్చేది, కుండలో నీళ్ళు నింపేది. పిల్లలంతా ఆయమ్మా అనే పిలిచేవాళ్ళు. పైడమ్మా అని పేరు పెట్టి పిలిచే మనిషి తవిటయ్య మాస్టారు తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

ఆ బడిలో ఒక రేకు పెట్టె ఉండేది. పాఠం చెబుతుంటే ఎవరైనా ఆడుకున్నారనుకో, తవిటయ్య మాస్టారు ఆ ఆటవస్తువు లాక్కుని పైడమ్మ చేతిలో పెట్టేవారు. "ఎండాకాలం సెలవులిచ్చే రోజున తిరిగిచ్చెయ్. అందాకా పూచీ నీది," అనేవారు. లాక్కోవడం ఒక్క నిమిషం పని. దాచడం మాత్రం ఏడాది పని. పెట్టె తాళం చెవి పైడమ్మ మొలతాడుకే ఉండేది.

పైడమ్మకి అక్షరం ముక్క రాదు. ఏ వస్తువు ఎవరిదో ఎలా గుర్తు పెట్టుకోవాలి మరి? దానికి ఆమె ఒక ఉపాయం చేసుకుంది. పిల్లలు పీటల మీద వరసలుగా కూర్చునేవాళ్ళు కదా. పాత చీర చింపి, ఆ పీలిక వస్తువుకి కట్టేది. ఒక కొసన వరసకి ముళ్ళు, రెండో కొసన పీటకి ముళ్ళు. రెండో వరసలో మూడో పీటైతే ఇటు రెండు, అటు మూడు. నాలుగేళ్ళుగా ఒక్కటీ తప్పు పోలేదు.

ఆ ఏడాది మొదట గవర్రాజు బొంగరం పెట్టెలోకొచ్చింది. "ఆయమ్మా, తాడుకి చెమ్మ తగలనివ్వకు," అన్నాడు వాడు. ఆ తర్వాత సన్నిబాబు ఈల వచ్చింది. "నువ్వు ఊదీకు సుమా, ఎంగిలి," అన్నాడు వాడు. "నీ ఎంగిలీల నాకెందుకురా," అంది పైడమ్మ.

ఆ తర్వాత ఒక శంఖం వచ్చింది. తెల్లగా, అరచేతిలో పట్టేంత శంఖం. అది పోలేశ్వరిది.

పోలేశ్వరి సముద్రం ఒడ్డు పిల్ల. సముద్రం ఒడ్డుని కోసుకుంటూ కోసుకుంటూ వచ్చి వాళ్ళ ఇంటిని తీసుకుపోయింది. నాన్న పడవ మీద పనికెళ్ళాలి. అందుకని పిల్లని తెచ్చి ఈ ఊళ్ళో మేనత్త ఇంట్లో దింపాడు. బళ్ళో ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదు. శంఖం చెవికి పెట్టుకుని కూర్చునేది. ఎక్కం చెప్పమంటే వినిపించలేదు. అప్పుడు మాస్టారు లాక్కున్నారు.

పైడమ్మ ముళ్ళు వేస్తుంటే పోలేశ్వరి పక్కన నిలబడి చూసింది. 

"బోర్లా పెట్టకు ఆయమ్మా. దానికి ఊపిరాడదు."

"పెట్టనమ్మా. నీది నీ చేతికిచ్చే పూచీ నాది."

శనివారం శనివారం పిల్లలు వెళ్ళిపోయాక పైడమ్మ పెట్టె తీసి దుమ్ము దులిపేది. పిల్లలు లేని బడి ఎలా ఉంటుందో నీకు తెలీదు కన్నా. గోడ మీద బల్లి కదిలినా వినిపిస్తుంది. ఒక శనివారం ఆమె శంఖం చెవి దగ్గర పెట్టుకుంది. హోరుమంది. పైడమ్మ ఎన్నడూ సముద్రం చూడలేదు. ఎవరో ఎక్కడో దూరాన కూర్చుని ఊపిరి తీస్తున్నట్టుంది. చీకటి పడేదాకా వింది. పరాయి సొమ్ము కదా, చాలా సిగ్గేసింది. మూతి పైకి ఉండేట్టు మళ్ళీ పెట్టేసింది. మరుసటి శనివారం మళ్ళీ వింది.

కార్తీకంలో తుఫాను పట్టింది. బడి కప్పు ముందు వరస మీదే కారింది. అప్పుడు పైడమ్మే పీటలన్నీ ఎత్తి సర్దింది. ముందు వాళ్ళని వెనక్కి వేసింది, మిగతావాళ్ళని అటూ ఇటూ మార్చింది. పీటలు కదిలాయి. పెట్టెలో ముళ్ళు కదల్లేదు. ఆ మాట ఆమెకి తట్టనే లేదు.

సెలవులిచ్చే రోజు వచ్చింది. మధ్యాహ్నం దాకానే బడి. పిల్లలు ఎగబడుతుంటే పైడమ్మ ముఖాలు చూడకుండా ముళ్ళు తడిమి, వరసలు లెక్కపెట్టి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టేసింది. పిల్లలు గోలగోలగా పరిగెత్తారు. అందరూ పోయాక పోలేశ్వరి ఒక్కర్తీ గుమ్మంలో నిలబడింది.

"ఆయమ్మా, నాది?"

"అన్నీ ఇచ్చేశానమ్మా. పెట్టె ఖాళీ. చూడు."

ఆ పిల్ల పెట్టెలోకి చూసింది. "నాన్న వచ్చాడు. నాలుగింటి బస్సుకి వెళ్ళిపోతున్నాం," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పైడమ్మ చీపురు తీసుకుంది. సెలవులు కదా అని పీటలన్నీ పాత చోట్లకి జరిపింది. రెండో వరసలో మూడో పీట పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఇది పోలేశ్వరి పీట. మరి శంఖం ఇచ్చింది ఎవరికి? ఇప్పుడక్కడ కూర్చునేది గవర్రాజు.

చీపురు అక్కడే పడేసింది. ఎండలో గవర్రాజు ఇంటికి పరిగెత్తింది.

"శంఖమా? నాకెందుకది. సన్నిబాబు చేతికి నా బొంగరం వచ్చింది. శంఖం వాడికిచ్చి నాది నేను తీసేసుకున్నాను," అన్నాడు గవర్రాజు.

"ఆ శంఖం వాడిది కాదురా."

"నాదీ కాదు కదా ఆయమ్మా."

అప్పుడు సన్నిబాబు ఇంటికి పరిగెత్తింది. వాడు తన ఈల కూడా ఎవరి దగ్గర్నుంచో తెచ్చేసుకుని వీధరుగు మీద ఊదుతున్నాడు. "మా మామ్మకిచ్చీసినాను. చంటిదానికి ఉగ్గు పోత్తాదట," అన్నాడు.

అప్పుడు ఊరి చివర వాళ్ళ మామ్మ ఇంటికి పరిగెత్తింది. మామ్మ పెరట్లో సానరాయి ముందు కూర్చుని ఉంది. శంఖం తడిపి పట్టుకుంది. మూతి అరగదీసి, పాలు పోసే గిన్నె చెయ్యాలని.

"ఆగు పెద్దమ్మా. అది బడి పిల్లది."

"బాగుంది వరస. నా మనవడు తెచ్చిచ్చాడు. చంటిది ఏడుస్తోంది, దేనితో పట్టమన్నావు?"

"ఒక్క చిటికెలో వస్తాను. రాయి తగిలించకు."

పైడమ్మ తన పాకకి వెళ్ళింది. చూరులోంచి ఒక గుడ్డమూట తీసింది. అందులో ఒక ఇత్తడి ఉగ్గుగిన్నె ఉంది. వాళ్ళమ్మ పెళ్ళినాడు ఇచ్చింది. పైడమ్మ కడుపున ఒక బిడ్డ పుట్టింది కానీ, గిన్నె తోమేలోపే వెళ్ళిపోయింది. ఆ గిన్నెకి ఏ చంటి పెదవీ తగల్లేదు. పైడమ్మ దాన్ని ఒక్కసారి పైటతో తుడిచింది. తీసుకెళ్ళి మామ్మ చేతిలో పెట్టింది.

మామ్మ గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసింది. పైడమ్మ ముఖం చూసింది. శంఖం ఆమె చేతిలో పెట్టింది.

అప్పటికే బస్సు ఊరి మలుపులో రొద చేస్తోంది. పైడమ్మ వెళ్ళేసరికి పోలేశ్వరి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పక్కన వాళ్ళ నాన్న.

"పిల్ల ఇంక ఈ బడికి రాదమ్మా," అన్నాడాయన. "కొత్త కాలనీలో ఇల్లిచ్చారు. అక్కడే బడి."

పైడమ్మ కిటికీలోంచి శంఖం అందించింది. ఆ పిల్ల ముందు చెవికి పెట్టుకుంది.

"మోగుతోందా?"

"ఆఁ."

"తప్పు నాదేనమ్మా. ఇంకో తప్పు కూడా చేశాను. శనివారాలు నేను కూడా విన్నాను."

పోలేశ్వరి శంఖం ఒళ్ళో పెట్టుకుంది. "మంచిదే ఆయమ్మా. వినేవాళ్ళు లేకపోతే దానికీ తోచదు," అంది.

పైడమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. "నీ పేరు ఎలా రాస్తారే?" అని అడిగింది. ఆ పిల్ల కిటికీలోంచి వంగి, బస్సుకి పట్టిన ఎర్రదుమ్ములో వేలితో రాసింది. నాలుగే అక్షరాలు. చూసీ చూడకముందే బస్సు కదిలింది. ఆ పేరు బస్సుతోనే వెళ్ళిపోయింది.

ఆ ఎండాకాలమంతా పైడమ్మ ఖాళీ బళ్ళో నల్లబల్ల ముందు నిలబడేది. మొదటి అక్షరం పొట్ట ఒకటే గుర్తుంది. మూడోది మరీ చిక్కు, రానే రాలేదు. ఒకరోజు తవిటయ్య మాస్టారు ఏవో కాగితాల కోసం వచ్చారు.

"ఈ వయసులోనా పైడమ్మా?"

"ముళ్ళని ఇంక నమ్మలేను బాబూ. కాస్త రాసి చూపించండి."

ఆయన రాసి చూపించారు. ఆమె దిద్దింది, చెరిపింది, మళ్ళీ దిద్దింది. ఆ పేరు వచ్చాక ఇంకో పేరు. ఆ తర్వాత ఇంకోటి.

బడి తెరిచారు. మళ్ళీ బొంగరాలొచ్చాయి, అద్దం బిళ్ళలొచ్చాయి. పైడమ్మ ఆ పిల్లాణ్ణి ఎదురుగా నిలబెట్టి చీటీ మీద పేరు రాసేది. "ఇదేనా నువ్వు? సరిగ్గా చూసి చెప్పు," అనేది.

పెట్టెలో ఒక మూల మాత్రం పోలేశ్వరి పేరు రాసిన చీటీ ఒకటి ఉండేది. దానికి ఏ వస్తువూ లేదు. "ఈ పిల్ల మన బళ్ళో లేదుగా, తీసెయ్," అన్నారు మాస్టారు. "ఉండనీండి బాబూ. నేను రాసిన మొదటి పేరు," అంది పైడమ్మ. ఆ మూలలో ఇంకేమీ పెట్టేది కాదు.

శనివారం పిల్లలు వెళ్ళిపోయేవాళ్ళు. పైడమ్మ పెట్టెలో వస్తువులన్నీ తీసి బయట పరిచి దుమ్ము దులిపేది. అప్పుడు ఖాళీ పెట్టెలోకి తల వంచి, ఆ చీటీ ఉన్న మూలకి చెవి పెట్టేది. హోరుమనేది కన్నా. సన్నగా, ఎక్కడో దూరాన. అది రేకుదో, సముద్రానిదో నాకూ తెలీదు.

తాళం మొలకి,
పెట్టె మూలకి,
శంఖం ఒడ్డుకి,
కథేమో కంచికి,
నువ్వేమో నిద్దరకి.