తెరచాప బండి

సముద్రతీరాన్ని ఏలే ఒక రాజు కొత్తరకం బండి చేయించాడు. ఎడ్లు లాగుతుంటే వెనక నుంచి తెరచాప గాలికి తోస్తుంది. రేవు ఊళ్లవాళ్లు ఎగబడి కొన్నారు. అడవి సీమలో ఒక్కరూ కొనలేదు.

అధికారి పెద్దిరాజుకు ఒళ్లు మండింది. ఒక బండిని అడవి సంతకు తోలించుకొచ్చి తెర ఎత్తించాడు.

"ఇంటికో బండి కొనాల్సిందే! ఎత్తిన తెర దించితే రాజుగారిని అవమానించినట్టే. చెరలో వేయిస్తా!" అని డప్పు కొట్టించాడు.

విస్తళ్లమ్మే దాలమ్మ ఆ తెర ఎత్తు చూసింది, తమ ఊరి దారి తలుచుకుంది. చేతులు జోడించింది.

"మాకు తోలడం చేతకాదు దొరా. మా ఊరిదాకా తమరే తోలి చూపిస్తే అందరం కొంటాం."

పెద్దిరాజు ఉబ్బిపోయి బండెక్కాడు. దారి మలుపు తిరగ్గానే తెర గంధం చెట్ల కొమ్మల్లో ఇరుక్కుంది. బండి కదల్లేదు. పైనుంచి ఎర్రచీమలు జలజలా దొర మీద రాలాయి.

"కొమ్మలు నరకండి!"

"గంధం చెట్టు ముట్టుకుంటే చెయ్యి తీయిస్తామని తమరే చాటించారుగా దొరా," అంది వెంట నడుస్తున్న దాలమ్మ.

"అయితే తెర దించండి!"

"దించితే చెర కదా దొరా?"

"ఈ సీమకు తెర వద్దు! బండీ వద్దు! దించండ్రా!"

"ఆ మాటా చాటింపులో వింటే మాకు ధైర్యం," అంటూ దాలమ్మ వెంటవచ్చిన చాటింపువాడి డప్పు తీసి దొర చేతికే అందించింది.

అంత గట్టి చాటింపు ఆ అడవిలో అంతకుముందెవరూ వినలేదట.