శిఖరం లేని అగ్గికొండ

అనగనగా మౌక్తికపురాన్ని ఏలే రాజుగారికి ముగ్గురు కొడుకులు. పొరుగు రాజు కూతురు మందారవల్లిని కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. విడిపించి తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. చిన్నవాడు నీలధ్వజుడు బయలుదేరుతుంటే రాజుగారు వెళ్ళమనలేక, వద్దనలేక గుమ్మంలోనే నిలబడిపోయారు.

సముద్రపొడ్డున ఒక తిమింగలం ఇసుకలో చిక్కుకుని ఉంది. పోటు వచ్చేదాకా నీలధ్వజుడు దాని ఒంటిమీద నీళ్ళు పోస్తూ బతికించాడు. అది అతన్ని వీపున ఎక్కించుకుని, ఏడు సముద్రాలు దాటించి, కరాళుడుండే మంచుదీవిలో దింపింది.

ఎటు చూసినా మంచే. ఆ మంచులో అన్నలిద్దరూ బొమ్మల్లా బిగుసుకుపోయి ఉన్నారు. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. మాంత్రికుడు లేని సమయం చూసి మందారవల్లి వచ్చి, తాను తీయటి మాటలతో రాబట్టిన రహస్యం చెప్పింది. వాడి ప్రాణం చిలకలో ఉంది. చిలక గాజుపెట్టెలో ఉంది. పెట్టె దీవి నడుమ మంచులో లోతుగా కూరుకుపోయి ఉంది. గొడ్డలి వేస్తే గొడ్డలే విరుగుతుంది.

ఈ సంగతి నీలధ్వజుడు తిమింగలంతో చెప్పుకున్నాడు. ఆ మంచు కింద అగ్గితల్లి పడుకుని ఉందనీ, ఆమె లేస్తే మంచు కరుగుతుందనీ అది చెప్పింది. అతను మంచుకు నోరు ఆనించి పిలిచాడు.

"లేవలేను నాయనా," అంది అగ్గితల్లి. "మంచు కరిగి నీళ్ళై నామీదే పడుతుంది. ముక్కలైపోతాను."

"ముక్కలు ఎక్కడికీ పోవమ్మా. వాటిమీదే కాలు మోపి మళ్ళీ లే."

అగ్గితల్లి లేచింది. మంచు నడుమ చెరువంత నీరు నిండింది. నీళ్ళు తగలగానే నిప్పు బుస్సుమని, నల్లటి గాజురవ్వలై కూలింది. మళ్ళీ లేచింది, మళ్ళీ కూలింది. రవ్వల కుప్ప పెరిగింది. మూడోసారికి కుప్ప నీళ్ళను దాటి పైకి వచ్చింది. ఇక నిప్పును విరగ్గొట్టడానికి నీళ్ళు అందలేదు. కరిగిన రాయి పెనం మీద అట్టులా నిదానంగా పరుచుకుంది. చుట్టూ మంచుగోడ అడ్డుండటంతో, పక్కల నిటారుగా, పైన చదునుగా గట్టిపడింది.

ఈలోగా గాజుపెట్టె నీళ్ళలో తేలుతూ నీలధ్వజుడి చేతికందింది. కరాళుడు పరుగున వచ్చి, చిలక మెడ విరవనని మాటిస్తే అందరినీ వదిలేస్తానన్నాడు. నీలధ్వజుడు మాటిచ్చాడు. అన్నలు మంచులోంచి బయటపడి తమ్ముణ్ణి వాటేసుకున్నారు.

అప్పుడు నీలధ్వజుడు మెడ విరవలేదు. పెట్టె మూత తీశాడు. చిలక ఎగిరిపోయింది. అది దూరమయ్యేకొద్దీ కరాళుడు పలచబడి, పలచబడి, చివరికి ఆవిరిలో కలిసిపోయాడు.

కాళ్ళకింద మంచు విరుగుతుంటే నలుగురూ మిగిలిన మంచుగోడ మీదుగా, చల్లబడిన కొండపైకి దాటారు. కొన్నాళ్ళకు మంచంతా కరిగి, బోర్లించిన గంపలా కొండ ఒక్కటే మిగిలింది.

కొడుకుల్ని వెతుక్కుంటూ రాజుగారు తానే ఓడెక్కి వచ్చారు. కొండపైన మనుషులు కనబడితే ఒకడు, ఇద్దరు, ముగ్గురు అని లెక్కపెట్టుకుని, ఓడలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చారు. తర్వాత కనబడ్డవాడికల్లా "ముగ్గురూ ఉన్నారు" అని చెప్పారు.

మందారవల్లి ఇష్టపడి నీలధ్వజుణ్ణి పెళ్ళాడింది. కొండపైన ఆ చదునులోనే తెరచాపలతో పందిరి వేశారు. అన్నలిద్దరూ రాజ్యం తమ్ముడికే అప్పజెప్పారు. ఆ దంపతులిద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. అన్నలు మాత్రం మండువేసవిలో కూడా కంబళి తీసేవారు కాదట.